నెల్లూరు టౌన్ హాలుకి మొదటిసారి నాటకానికి పోతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

"సాయంత్రం టౌన్ హాల్లో నాటకం ఉంది, పోదాం రా" అని పిలిస్తే ఎదుటి మనిషి మొహంలో ఒక రకమైన బెరుకు కనపడుతుంది. సినిమాకి పిలిస్తే లేని బెరుకు అది. టికెట్ ఎక్కడ, ఎన్నింటికి పోవాలి, పద్యాలు అర్థం కాకపోతే ఏం చేయాలి, మధ్యలో లేస్తే ఎవరన్నా ఏమన్నా అనుకుంటారా? ఏళ్ళ తరబడి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగినవన్నీ ఇక్కడ పెడుతున్నాను. నేను నటుణ్ణి కాను. కింద కుర్చీలో కూర్చునే మనిషినే.

అసలు ఎక్కడ ఆడతారు?

నెల్లూరులో ముందు చెప్పాల్సింది టౌన్ హాలే. రేబాల లక్ష్మీనరసారెడ్డి గారు కట్టించిన భవనం. ఆహ్వాన పత్రికలో "పురమందిరం" అని ఉంటుంది, ఆటో అతనికి మాత్రం "టౌన్ హాలు" అంటేనే తెలుస్తుంది. ట్రంకు రోడ్డులో ఉంది, వందేళ్ళు దాటింది. వర్ధమాన సమాజం గ్రంథాలయం కూడా అక్కడే. ముందుగా చేరుకుంటే కాసేపు పేపరు తిరగేసుకోవచ్చు. టౌన్ హాలు కాకుంటే కస్తూర్బా కళాక్షేత్రం. పత్రికలో రెండిట్లో ఏది రాశారో చూసుకుని బయల్దేరండి. నేనొకసారి చూసుకోకుండా పోయి, డాన్సు స్కూలు పిల్లల వార్షికోత్సవంలో గంటసేపు కూర్చున్నాను. పిల్లలు బాగానే చేశారు.

ఒంగోలు వాళ్ళకు ఎన్టీఆర్ కళాక్షేత్రం ఉంది.

హాలు లేని ఊళ్ళలో తిరణాల నాటకం ఉంటుంది. దాని పద్ధతులు వేరు, కింద విడిగా చెబుతాను.

ఏ రోజుల్లో ఎక్కువ ఆడతారు?

సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా. శివరాత్రి, శ్రీరామనవమి, ఊరి కొలుపులు అన్నీ ఆ నెలల్లోనే వస్తాయి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు. దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు కాబట్టి ఆ వారంలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో వానలు, వాయుగుండాలు. ఆరుబయట స్టేజీ కట్టే ధైర్యం ఎవరికీ ఉండదు. హాల్లో అయితే పరవాలేదు.

టికెట్ ఎంత?

చాలాసార్లు ఏమీ ఉండదు. నాటక పరిషత్తు పోటీలైనా, ఎవరిదన్నా వర్ధంతి సభకు కట్టిన నాటకమైనా ఖర్చు దాతలు పెట్టుకుంటారు. "అందరూ ఆహ్వానితులే" అని కార్డు మీద ఉంటే అది మర్యాదకు వేసిన మాట కాదు, నిజంగానే రమ్మని. గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు. కొత్త మొహం కనపడితే నిర్వాహకులకు సంతోషం కూడా, ఎందుకంటే రోజూ వచ్చే ముప్పైమంది మొహాలు వాళ్ళకు కంఠతా వచ్చేసి ఉంటాయి.

సురభి నాటక సమాజం వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం టికెట్ ఉంటుంది. కొనుక్కుని చూడండి.

కార్డులో ఆరు గంటలని ఉంది. ఆరింటికే పోవాలా?

పోటీలైతే పోవాలి. ఒకే సాయంత్రం రెండు మూడు నాటికలు ఉంటాయి, ఒక్కోదానికి నిక్కచ్చిగా సమయం కడతారు, బెల్లు కొడతారు, దాటితే మార్కులు పోతాయి. మీరు ఆలస్యంగా పోతే మొదటి నాటిక సగం ఎగిరిపోతుంది.

పద్యనాటకానికి ఆ తొందర అక్కర్లేదు. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన, తర్వాత ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఒక్కో వక్త "రెండే రెండు ముక్కలు" అని లేస్తాడు. తెర లేచేసరికి ఏడున్నర అనుకోండి. నా సలహా ఏమంటే ఏడింటికి చేరుకోండి. ఆ సభా కార్యక్రమం వల్లే కొత్తవాళ్ళు సగంమంది మళ్ళీ రారని నా గట్టి అనుమానం. నాటకం అయ్యాక శాలువాలు కప్పితే ఎవరి సొమ్మేం పోతుంది?

నాటిక, నాటకం, పద్యనాటకం: ఏమిటి తేడా?

నాటిక చిన్నది, గంటలోపు అయిపోతుంది, మామూలు మాటల్లో ఉంటుంది. ఇల్లు, ఆస్తి తగాదా, ముసలి తల్లిదండ్రులు, అప్పులు, ఇలాంటి కథలు. నాటకం దానికంటే పెద్దది. పద్యనాటకం పురాణ కథ, కిరీటాలు, హార్మోనియం, తబలా.

మొదటిసారి ఏది చూడాలని అడిగితే చాలామంది నాటికే చూడమంటారు. నేను పద్యనాటకం చూడమంటాను. నాటికలో ఉండేలాంటి కథ మీకు టీవీలోనూ దొరుకుతుంది. హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి పద్యం ఎత్తుకోవడం ఇంకెక్కడా దొరకదు.

పద్యాలు నాకు అర్థం కావు. పోయి ఏం చేయాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ముందు కథ తెలుసుకుని పోండి. పద్యనాటకంలో తర్వాత ఏం జరుగుతుందోనన్న ఆత్రం ఉండదు, అందరికీ తెలిసిన కథే. మన దగ్గర ఎక్కువగా ఆడేవి రెండు. ఒకటి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, జనం దాన్నే కురుక్షేత్రం అంటారు. రెండోది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయం. మొదటిదాంట్లో కృష్ణుడు నిద్రపోతున్నట్టు పడుకుని ఉంటే దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వస్తారు, అది పడక సీను. తర్వాత కృష్ణుడు కౌరవసభకు సంధికి పోతాడు, అది రాయబారం. ఈ రెండు సీన్లు గుర్తుంటే చాలు.

ఇక పద్యం. నటుడు పద్యం ఎత్తుకునే ముందు మామూలు వచనంలో విషయం చెప్పేస్తాడు. అది జాగ్రత్తగా వినండి, పద్యంలో ఉండేది కూడా అదే. "బావా ఎప్పుడు వచ్చితీవు" అని కృష్ణుడు మొదలుపెడితే అందులో ఉన్నది కుశలప్రశ్నే: నువ్వు బాగున్నావా, తమ్ముళ్ళు బాగున్నారా, పిల్లలు, చుట్టాలు బాగున్నారా. ఇంటికొచ్చిన చుట్టాన్ని మన అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అడిగే ప్రశ్నలే. కాకపోతే శార్దూలమనే పద్య ఛందస్సులో అడిగాడు. "చెల్లియో చెల్లకో" ఉత్పలమాల, "అలుగుటయే యెరుంగని" చంపకమాల, "జెండాపై కపిరాజు" మళ్ళీ శార్దూలం. ఈ పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. ఒకటి రెండు సార్లు వింటే ఏ పద్యం నడక ఏదో చెవి పట్టేస్తుంది. నాలుగు పొడుగు పాదాలు అయ్యాక చిన్న పద్యం ఒకటి తగిలిందంటే అది సీసం. ఆ చివరి చిన్నదాన్ని ఎత్తుగీతి అంటారు.

నటుడు ఒక్కో ముక్కా విడగొట్టి పాడతాడు. ముందు మాట మాటగా మాట్లాడినట్టే ఉంటుంది, తర్వాత మెల్లగా రాగంలోకి జారతాడు, చివరి పాదంలో ఒక అక్షరం పట్టుకుని ఆలాపన చేస్తాడు. హార్మోనిస్టు వెంటపడతాడు, ఒక్కోసారి ముందు పోతాడు కూడా. ఇద్దరి మధ్య చిన్న పోటీ నడుస్తుంటుంది, అది గమనించండి. పక్కనున్న పెద్దాయన కళ్ళు మూసుకుని ఉంటే నిద్రపోతున్నాడనుకోకండి. పాతకాలం వాళ్ళు నాటకం వినడానికి వస్తారు.

ఇంకో మాట. ఈ రాయబారం కథ ఉద్యోగపర్వంలోది. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర మంత్రి. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు ఆయనవే. తిక్కన పాత్రలు మాట్లాడుకుంటుంటే నాటకం చూస్తున్నట్టే ఉంటుందని తెలుగు మేష్టర్లు చెబుతుంటారు. స్టేజీ మీద పాడేవి ఆయన పద్యాలు కావనుకోండి, అయినా పెన్న ఒడ్డున కూర్చుని ఆ కథ వింటుంటే మన ఇంటి కథ విన్నట్టే ఉంటుంది.

కాటిసీనులో పద్యాలు వేరేగా ఉన్నట్టనిపించింది. నిజమేనా?

నిజమే, మంచి చెవి మీది. "ఇచ్చోటనే" అని మొదలయ్యేవి గుర్రం జాషువా గారివి, శ్మశానవాటి ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు, జనం వదల్లేదు. ఇప్పుడు అవి లేకుండా కాటిసీను ఆడితే ఊళ్ళో ఒప్పుకోరు.

కృష్ణుడు మధ్యలో మారిపోయాడేంటి?

కంగారు పడకండి. పెద్ద నాటకాల్లో ఒక్కో సీనుకు ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపిస్తారు. పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. మొదటాయన సన్నగా ఉండి రెండో ఆయన బొద్దుగా ఉన్నా, రాత్రికి రాత్రి కృష్ణుడు పదేళ్ళు పెరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. తిరణాల నాటకంలో ముగ్గురు హరిశ్చంద్రులు కూడా ఉంటారు. ఎవరు బాగా పాడారని మరుసటిరోజు టీ కొట్టు దగ్గర పంచాయితీ జరుగుతుంది, అసలు సరదా అదే.

వన్స్ మోర్ అని అరవొచ్చా? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

పద్యనాటకంలో అరవొచ్చు. నటుడు దానికోసమే చూస్తుంటాడు. చివరి పాదం ఆలాపన దిగేచోట చప్పట్లు పడతాయి, మీరు నలుగురితో కలిసి కొడితే సరి. నేను మొదటిసారి మా మామతో పోయినప్పుడు సీసంలో రెండో పాదానికే కొట్టేశాను, హాల్లో నావొక్కడివే చప్పట్లు. మా మామ నా చెయ్యి పట్టుకుని "ఉండు అబ్బయ్యా, ఇంకా ఉండాది" అన్నాడు. ఇప్పటికీ ఆ పద్యం వస్తే చేతులు జేబులో పెట్టుకుంటాను.

నాటికలో మాత్రం అరవొద్దు. అక్కడ నిశ్శబ్దం కూడా నటనలో భాగమే. ముసలాయన పాత్ర కుర్చీలో కూర్చుని అరనిమిషం ఏమీ మాట్లాడకపోతే డైలాగు మర్చిపోయాడని వెనక నుంచి అందించకండి. ఇలా చేసినవాళ్ళను చూశాను కాబట్టే చెబుతున్నాను.

నటుడికి డబ్బులు ఇస్తున్నారు. నేనూ ఇవ్వాలా?

ఇవ్వాలని లేదు. పద్యం నచ్చితే స్టేజీ పైకి పోయి చేతిలో నోటు పెట్టడం పాత అలవాటు. కొందరు చొక్కాకు గుచ్చినట్టు వేషానికి గుచ్చుతారు. ఊళ్ళలో అయితే మైకులో చదువుతారు: "ఫలానా వారు హరిశ్చంద్ర పాత్రధారికి 116 రూపాయలు" అని. చంద్రమతి కొడుకు శవం మీద పడి ఏడుస్తుంటే ఈ ప్రకటన వస్తుంది. ఆమె ఏడుపు ఆపి, దణ్ణం పెట్టి, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంటుంది. కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఆమె నేర్పు చూస్తే గౌరవం కలుగుతుంది.

ఎక్కడ కూర్చోవాలి?

ముందు రెండు వరసలు దాతలకూ, పోటీలైతే న్యాయనిర్ణేతలకూ. వాటిలో కూర్చుంటే మధ్యలో లేపుతారు. నాలుగో వరస నుంచి ఏడో వరస మధ్య, నడిమికి రండి. ఫ్యాను కింద వద్దు, చల్లగానే ఉంటుంది కానీ దాని చప్పుడులో నెమ్మదైన మాటలు పోతాయి. మైకు పెట్టె పక్కన అసలే వద్దు.

ఒకసారి ఒక హాల్లో, పేరెందుకు, రాయబారం మధ్యలో మైకు పోయింది. పది నిమిషాలు తీగలు పీకారు, పెట్టారు. కృష్ణుడి వేషంలో ఉన్నాయన అరవై దాటిన మనిషి. కాసేపు చూసి స్టేజీ ముందుకొచ్చి నిలబడి, వట్టి గొంతుతో పద్యం ఎత్తుకున్నాడు. వెనక గోడ దగ్గర నిలబడినవాళ్ళక్కూడా అక్షరం అక్షరం వినపడింది. మైకు బాగయ్యాక కొంచెం నిరాశగా అనిపించింది.

ఏ బట్టలు వేసుకోవాలి?

ఇంట్లో నుంచి బజారుకి పోయేవే.

పిల్లల్ని తీసుకుపోవచ్చా?

సురభి నాటకానికైతే తప్పకుండా తీసుకుపోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టిన సమాజం, కీచకవధతో మొదలై ఇప్పటికీ అవే కుటుంబాలవాళ్ళు ఆడుతున్నారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తారు, తొట్టెలో పిల్ల నుంచి తాత దాకా అందరికీ ఏదో ఒక వేషం ఉంటుంది. స్టేజీ మీద మనుషులు గాల్లో పోతారు, బాణాలు ఎదురెదురుగా వచ్చి నిప్పులు చిమ్ముతాయి, తెరలు క్షణంలో మారిపోతాయి. సెల్‌ఫోను చూసి పెరిగిన మా తమ్ముడి కొడుకు నోరు తెరుచుకుని చూశాడు. "తాడు కనపడతా ఉంది పెదనాన్నా" అని కూడా చెప్పాడు. తాడు కనపడినా చూశాడు కదా, అది లెక్క.

రాత్రంతా జరిగే పద్యనాటకానికి చిన్నపిల్లల్ని తెస్తే దుప్పటి కూడా తెచ్చుకోండి.

ఫోటోలు, వీడియోలు?

ఫ్లాష్ లేకుండా ఒకటి రెండు తీసుకోండి. ఫోను ఎత్తిపట్టి అరగంట వీడియో తీస్తే మీ వెనకాయనకు నాటకమంతా మీ ఫోన్లోనే కనపడుతుంది.

నెల్లూరుకీ నాటకానికీ అంత సంబంధం ఉందా? గొప్పకి చెబుతున్నారా?

ఉంది. ప్రతాపరుద్రీయం నాటకం రాసిన వేదం వేంకటరాయ శాస్త్రి గారు నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి నాటకాలు ఆడించారు. ఆ నాటకంలో రాజు రాజులా, చాకలి పేరిగాడు పేరిగాడిలా మాట్లాడాలని పట్టుబట్టిన మనిషి. అంతకుముందు చాలా నాటకాల్లో స్టేజీ మీద అందరూ పండితుల్లాగే మాట్లాడేవాళ్ళు. ఆ మార్పు ఇప్పుడు మనకు ఎంత మామూలైపోయిందంటే, అదొక మార్పని చెప్పినా ఎవరూ నమ్మరు.

సినిమా పాటలతో అందరికీ తెలిసిన ఆత్రేయ గారు సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టారు. పాటలకంటే ముందు నాటకాలే. చాలీచాలని జీతంతో గుమాస్తా పడే పాట్ల మీద రాసిన "ఎన్జీవో" (అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసర్) ఇప్పుడు ఆడినా పక్క సీట్లో ఉద్యోగి నిట్టూరుస్తాడు. సినిమాల్లో విలన్‌గా భయపెట్టిన రాజనాల, నవ్వించిన రమణారెడ్డి ఈ జిల్లా మనుషులే. గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారి నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు.

ఒంగోలు వైపు దారి వేరు. అక్కడ కమ్యూనిస్టుల కళా సంఘం ప్రజానాట్యమండలి పాట, వీధి నాటిక బలం. సినిమా దర్శకుడు టి.కృష్ణ ఆ మండలి నుంచి వచ్చినవారే. అందుకే ఒంగోలు ప్రేక్షకులు నాటికలో రాజకీయం ఉంటే ఇంకాస్త ముందుకు వంగి వింటారు. నాకలా అనిపిస్తుంది, ఒంగోలు వాళ్ళు కాదంటే ఒప్పుకుంటాను.

తిరణాల నాటకం ఎలా ఉంటుంది?

రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా. చాప, దుప్పటి, మంచినీళ్ళు మీవే. "పరాబ్రహ్మ పరమేశ్వర" ప్రార్థనతో తెర లేస్తుంది. అప్పటికి ముందు వరసలో పిల్లలు నిద్రపోయి ఉంటారు. బయట మిరపకాయ బజ్జీలు, వేడివేడి టీ. అర్ధరాత్రి రెండు గంటలప్పుడు అందరికీ ఒక కునుకు పడుతుంది, నిర్వాహకులకు ఆ సంగతి తెలుసు కాబట్టి నక్షత్రకుణ్ణి అప్పుడే దింపుతారు. అప్పు కోసం హరిశ్చంద్రుణ్ణి వదలకుండా వెంటాడే ఆ పాత్ర నవ్విస్తూనే జనాన్ని లేపుతుంది. ఎవరైనా పట్టిన పట్టు వదలకపోతే "నక్షత్రకుడిలా తగులుకున్నాడు" అంటామే, ఆయనే.

నచ్చకపోతే మధ్యలో లేచి రావొచ్చా?

రావొచ్చు. తెర పడినప్పుడు లేవండి, పద్యం మధ్యలో మాత్రం వద్దు.

నటుల్ని కలవొచ్చా?

నాటకం అయ్యాక గ్రీన్‌రూముకు పోండి. ముందు పోకండి, వాళ్ళు వేషంలో ఉంటే మనసు పద్యాల మీద ఉంటుంది. అయ్యాక చూస్తే దుర్యోధనుడు బనీనుతో కూర్చుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటుంటాడు. కిరీటం, భుజకీర్తులు అద్దెకు తెచ్చినవి, లెక్కపెట్టి పెట్టెలో సర్దుతుంటారు. చాలామందికి పొద్దున ఉద్యోగమో, బడో, పొలమో ఉంటుంది. "బాగా చేశారు" అని ఊరుకోకుండా ఫలానా పద్యం ఫలానా చోట బాగుందని చెప్పండి. ఆ ఒక్క మాటకి ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడండి. రంగు సగమే తుడిచి ఉంటుంది కాబట్టి ఇంకా బాగా కనపడుతుంది.

తిండి సంగతి?

హాల్లో టీ దొరికితే దొరుకుతుంది. తిని పోండి, లేదా అయ్యాక కారం దోశ తినండి. నేను రెండూ చేస్తాను.

రాత్రి ఇంటికి ఎలా చేరడం?

ఊళ్ళోవాళ్ళకు ఇబ్బంది లేదు, ట్రంకు రోడ్డులో ఆటోలు ఉంటాయి. కోవూరు, బుచ్చి, ముత్తుకూరు వైపు పోవాల్సినవాళ్ళు ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కోండి. నాటకం పదింటికి అయిపోతుందని పత్రికలో ఉంటే పదకొండు అనుకోండి, వన్స్ మోర్లు పడితే ఇంకా ఎక్కువ. సరిగ్గా కాటిసీను మొదలయ్యేటప్పటికే బస్సు టైము అవుతుంది. మా మామ ఆ రోజుల్లో కోవూరుకి పోవాలి. ఒక్క పద్యం విని లేద్దాం అన్నాడు, ఇంకొక్కటి అన్నాడు, చివరికి ఇద్దరం పెన్న వంతెన మీద నడుచుకుంటూ పోయాం. అవతలి ఒడ్డు చేరేదాకా ఆ పద్యాలే పాడుతూ నడిచాడు, శ్రుతి లేకుండా.